విశాఖపట్టణపు గెడ్డలు, క్రొత్త ఇండ్ల స్థలములు

గెడ్డ యనగా నేమని విశాఖపట్టణములో చదువుకొను విద్యార్థి నడిగినచో, వాడు వీథి చివరనున్న మురుగుకాలువను చూపును. వాని తాత నడిగినచో కొండమీదినుండి దిగివచ్చు సెలయేరని చెప్పును. ఇద్దరును నిజమే చెప్పుచున్నారు. ఉత్తరాంధ్రమున గెడ్డ యనగా సెలయేరే. ఆ సెలయేళ్లు ఇండ్ల నడుమ ఇరుకుకాలువలై, మురుగు మోయుచు, పేరు మాత్రము పాతదే నిలుపుకొన్నవి. ఒక మాట అర్థము రెండు తరములలో ఇట్లు మారుటకు వెనుక ఒక పట్టణము పెరిగిన చరిత్ర కలదు. క్రొత్తగా ఇండ్ల స్థలము కొనదలచిన వారికి ఆ చరిత్రతో పని యున్నది.

ముందుగా నేల సంగతి చూతము. విశాఖపట్టణమునకు ఉత్తరమున కైలాసగిరి వరుస, పడమట సింహాచలము కొండలు, దక్షిణమున యారాడ కొండ కలవు. యారాడ కొండ తూర్పున సముద్రములోనికి పొడుచుకొనిపోయి డాల్ఫిన్ నోస్ అను కొమ్ముగా నిలిచినది. ఈ కొండల నడుమ నున్న పల్లమును ఒక గరిటెతో పోల్చవచ్చును. గరిటె గుంటలో పడిన వాన యంతయు ఒక మూలకు చేరి, డాల్ఫిన్ నోస్ ప్రక్కనున్న సన్నని మూతిగుండా సముద్రములో కలియవలెను. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ మొదలైనవి పడమటి కొండలనుండి ఆ పల్లములోనికే వచ్చును. వాల్తేరు మెట్ట సముద్రమునకు పల్లమునకు నడుమ గట్టువలె నిలిచియుండుటచే, సముద్రము కనుచూపు మేరలోనే యున్నను, పల్లపు నీటికి దానిని నేరుగా చేరు దారి లేదు. సముద్రతీరపు పట్టణమునకు ముంపు ఎందుకు వచ్చునని విద్యార్థులు తరచు అడుగుదురు. సమాధానము ఈ గట్టులోనే యున్నది.

పూర్వము ఈ గరిటె గుంటలో పెద్ద ఉప్పునీటి చిత్తడి నేల యుండెడిది. జనులు దానిని ఉప్పుటేరనిరి. పోటు వచ్చినపుడు సముద్రపు నీరు లోనికి వచ్చును. పాటు తీసినపుడు వెనుకకు పోవును. వానకాలమున గెడ్డల నీరు వచ్చి దానిలో పరచుకొనును. అట్టి నేలను వ్యర్థభూమి యని ఆ కాలపు వారందరును తలచిరి. అక్కడ ఇల్లు కట్టిన వారు మాత్రము లేరు. 17వ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీ వారు వర్తకస్థానము పెట్టుకొన్న పాత ఊరు సముద్రమునకు ఉప్పుటేటికి నడుమ నున్న ఎత్తయిన తావున, గుట్టల చెంత వెలసెను. పిమ్మట దొరలు ఊరు విడిచి వాల్తేరు మెట్ట నెక్కిరి. ఓడరేవు మూతికెదురుగా మూడు గుట్టల మీద మూడు మతముల వారి ఆరాధనస్థలములు నేటికిని ఉన్నవి. భక్తికి తోడు, నీరెక్కని చోటును ఎంచుకొను తెలివియు అందులో కొంత యుండవచ్చునని నా ఊహ.

ఊళ్లపేర్లు కూడ ఈ తెలివిని దాచుకొన్నవి. వాక యనగా ఏరు. హనుమంతవాక అను చోట నేడు పెద్ద కూడలి యున్నది. లోవ యనగా కొండల నడుమ పల్లము. ఆరిలోవ, ముడసర్లోవ అట్టివి. మదుము అనగా నీరు వదలు తూము. పాత పట్టణములో చావులమదుము అను పేట కలదు. గంగులగెడ్డ, ఎర్రిగెడ్డ అనునవి నేడు పట్టణపు కాలువలు. భూమి పత్రములు చదువుటకు ముందు ఊరిపేరు చదువుకొనుట మంచిది. దానికి రిజిస్ట్రేషను రుసుము కూడ లేదు.

ఈ చిత్తడి నేలకు 20వ శతాబ్దమున ఒక్కసారిగా విలువ వచ్చెను. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమును ఎగుమతి చేయుటకు తూర్పుతీరమున మంచి రేవు కావలసియుండెను. 1914లో బ్రిటిషు నౌకాశాఖకు చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ అను నతడు, ఈ గెడ్డ మూతియే రేవునకు తగిన చోటని సూచించెను. ఇంతలో ప్రపంచయుద్ధము వచ్చెను. కడకు బెంగాల్-నాగపూర్ రైల్వే ఆధ్వర్యమున 1927-33 సంవత్సరముల నడుమ లోపలి రేవు నిర్మింపబడెను. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను ఓడ మొదటిసారిగా లోనికి వచ్చెను. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రభువు రేవును ప్రారంభించెను. అప్పటి లెక్కలో 378 లక్షల రూపాయలు ఖర్చయినవి.

ఆ పనిలో ఇంజనీర్ల నేర్పు మెచ్చదగినది. తీరము వెంబడి కదలివచ్చు ఇసుక రేవుమూతిని పూడ్చకుండుటకు, రెండు పాత ఓడలను రాళ్లతో నింపి డాల్ఫిన్ నోస్ చెంత ముంచి, అలలకు అడ్డుకట్టగా నిలిపిరి. ఓడలు తిరుగుటకు చిత్తడి నేలను లోతుగా త్రవ్విరి. త్రవ్విన ఇసుకను బురదను చుట్టుపట్ల పల్లములలో పోసి మెరక చేసిరి. మలేరియా భయము మెండుగా నున్న ఆ రోజులలో దోమల గుంట పూడినదనిన, ఒక పనికి రెండు ఫలములు దక్కినట్లే. సముద్రమునుండి వచ్చు ఇసుకను గూర్చి ఇంత ఆలోచించిన వారు, వెనుకనుండి వచ్చు వాననీటిని గూర్చి చింతించినట్లు కనబడదు. వారిని తప్పుపట్టుటకు లేదు. మెరక చేసినది కొంతయే. మిగిలిన చిత్తడి ఇంకను విశాలముగా నుండెను. 1901లో విశాఖపట్టణపు జనసంఖ్య నలుబది వేలకు కొంచెము పైన మాత్రమే.

కాని ఒక పాఠము మాత్రము అందరి మనస్సులలోను నాటుకొనెను: పల్లమును పూడ్చినచో విలువగల నేల పుట్టును. తరువాతి చరిత్ర యంతయు ఈ పాఠమును వల్లించుటయే. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ పల్లములోనే విమానస్థలము వెలసెను. చదునైన నేల కొండల నడుమ మరెక్కడ దొరకును? 1941లో ఓడల నిర్మాణశాలకు పునాది పడెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారము, 1967లో ఎరువుల కర్మాగారము వచ్చినవి. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమయ్యెను. ఉక్కు కర్మాగారము పట్టణమునకు దక్షిణమున దూరముగా కట్టబడినను, దాని వెంట వచ్చిన జనమునకు ఇండ్లు కావలెను గదా! పట్టణము గాజువాక వైపునకు, పెందుర్తి వైపునకు, మధురవాడ వైపునకు సాగెను. 2011 నాటి జనాభా లెక్కలలో మహానగరపు జనసంఖ్య పదునేడు లక్షలు దాటెను.

ప్రణాళిక లేక ఇట్లు జరిగినదనుట సరికాదు. 1962లో పట్టణ ప్రణాళికా ట్రస్టు, 1978లో పట్టణాభివృద్ధి సంస్థ, 2018లో మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థ ఏర్పడినవి. లేఅవుట్లకు అనుమతులు, రోడ్ల వెడల్పులు, బడికి స్థలము, పార్కుకు స్థలము, అన్నియు నియమములలో కలవు. అయినను ఒక లేఅవుటును పరీక్షించునపుడు ఆ సరిహద్దు రాళ్ల లోపల నున్నదే చూచుట అలవాటు. నీరు సరిహద్దు రాళ్లను ఎరుగదు.

పాత చిత్తడి నేల ఏమి పని చేయుచుండెనో ఇప్పుడు చూతము. విశాఖపట్టణమున పెద్ద పోటునకు పాటునకు నడుమ సముద్రమట్టము సుమారు ఒకటిన్నర మీటరు మారును. పోటు దినమునకు రెండు మార్లు వచ్చును. పోటు సమయమున గెడ్డనీరు బయటకు పోజాలక ఆగిపోవును. అనగా తలుపు మూయబడినట్లే. తుపాను వచ్చినపుడు గాలి సముద్రమును తీరము మీదికి నెట్టుటచే ఈ తలుపు ఇంకను గట్టిగా పడును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్దనే తీరము దాటినపుడు సముద్రమట్టము మామూలు పోటు కంటె సుమారు 1.4 మీటరు పైకి లేచెను. తలుపు తెరచుకొనువరకు కొండలనుండి వచ్చిన నీరు ఎక్కడో ఒకచోట కూర్చుండవలెను గదా. ఆ కూర్చుండు చోటే చిత్తడి నేల. దానికి కుర్చీ తీసివేసినంత మాత్రాన అతిథి రాక మానడు. వచ్చి మన మంచముమీద కూర్చుండును.

అట్లే జరిగినది. 2005 సెప్టెంబరులో కళింగపట్నము వద్ద తీరము దాటిన తుపాను వానలకు విమానాశ్రయము నీట మునిగి రాకపోకలు నిలిచెను. 2012 నవంబరు ఆరంభమున, నీలం తుపాను దూరాన మహాబలిపురము వద్ద తీరము దాటి బలహీనపడిన తరువాత కురిసిన వానలకు మరల నీరు వచ్చెను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నము వద్ద తీరము దాటగా, ఆ రాత్రి విశాఖపట్టణముపై ఒక్క దినమున పావు మీటరునకు మించిన వాన కురిసెను. విమానాశ్రయపు ప్రాంగణములోనికి నీరు చేరెను, పల్లపు కాలనీలు మునిగెను. మూడు తుపానులలో ఒక్కటియైనను విశాఖపట్టణము వద్ద తీరము దాటలేదని గమనింపుడు. గాలిదెబ్బ ఒక ఊరికి తగిలినను, వానదెబ్బ మరియొక ఊరికి తగులును. ఎగువన మేఘాద్రిగెడ్డకు జలాశయము కలదు గదా యందురు. అది తాగునీటి జలాశయము. వానకాలము చివర దానిని నింపి యుంచవలెను; వరదను ఆపుటకు మాత్రము ఖాళీగా నుంచవలెను. పెద్ద తుపానులు వచ్చునది ఆ చివరి నెలలలోనే. నిండిన కడవలో మరి కొంత పోసినచో పొర్లిపోక తప్పదు.

ఈ చిక్కును మన తెలుగునాట ఒక చోట చక్కగా విడదీసిన ఉదాహరణము కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదులో వేలకొలది ప్రాణములు తీసెను. నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరములో గోడలు ఎత్తు చేయుటతో సరిపుచ్చక, నగరమునకు ఎగువన మూసీపైన, దాని ఉపనదిపైన వరదనీటిని నిలుపు జలాశయములు కట్టవలెనని చెప్పిరి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తియయ్యెను. అనగా నీటికి కూర్చుండు చోటు మొదట చూపి, ఆ తరువాత నగరమును తీర్చిదిద్దుట. అటు పిమ్మట మూసీ పాయలో ఇండ్లు వేసిన తరములు ఆయన చెప్పినది మరచినవి. ఆ కథ వేరు. అమెరికాలో గిల్బర్టు వైట్ అను భూగోళ శాస్త్రజ్ఞుడు 1945లో ప్రచురించిన గ్రంథమున మరియొక హెచ్చరిక చేసెను. గట్టు కట్టినచో దాని వెనుక నిర్భయముగా ఇండ్లు లేచును. గట్టు తెగిన నాడు నష్టము మునుపటి కంటె ఎక్కువ యగును. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతము మునిగినపుడు ఈ మాటను గుర్తుచేసుకొన్నవారు కొందరైనను ఉందురు.

ఇప్పుడు తరగతిలో నల్లబల్లపై చేయదగిన ఒక చిన్న లెక్క. ఒక ఎకరము సుమారు 4,000 చదరపు మీటర్లు. గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఎకరముపై 200 ఘనమీటర్ల నీరు పడును. అది పొలమైనచో ఇంచుమించు మూడు వంతులలో రెండు వంతులు ఇంకియో నిలిచియో పోయి, 60 ఘనమీటర్లు కాలువకు చేరుననుకొందము. అదే ఎకరము పైకప్పులతో సిమెంటు రోడ్లతో నిండినచో 160 ఘనమీటర్లు చేరును. తేడా 100 ఘనమీటర్లు, అనగా లక్ష లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులు ఇరువది. ఇరువది ఎకరముల లేఅవుటులో ఈ తేడాను ఒక గంటసేపు నిలుపవలెనన్నచో 2,000 ఘనమీటర్ల గుంట కావలెను. రెండు మీటర్ల లోతున త్రవ్వినచో దానికి పట్టు స్థలము 1,000 చదరపు మీటర్లు, పావు ఎకరము. ఇరువదిలో పావు! అమ్మకపు ధరలో ఇది పెద్ద త్యాగము కాదు. పార్కుకు విడిచిన స్థలమునే గుంటగా మలచినచో త్యాగమే లేదు. వాన లేని దినములలో పిల్లలు అందులోనే ఆడుకొందురు.

అయితే ఈ లెక్క పల్లపు నేలకు చాలదు. ఆ ఎకరముపై పూర్వము ముంపు వచ్చినపుడు 30 సెంటీమీటర్ల నీరు నిలుచుచుండెననుకొందము. అది 1,200 ఘనమీటర్లు. కంకరమట్టి తోలి ఆ ఎకరమును మెరక చేసినచో, ఆ 1,200 ఘనమీటర్లు ప్రక్క నేలకు పోవును. సిమెంటు వేసినందువలన గంటలో పెరిగినది ఇరువది ట్యాంకరులైతే, మెరక చేసినందువలన ప్రక్కకు నెట్టబడినది రెండువందల నలుబది ట్యాంకరులు. మన నాట ఇల్లు కట్టువారందరును మొదట చేయు పని మెరక చేయుట. రోడ్డు ఎత్తినచో ఇల్లు ఎత్తుదురు. ఇల్లు ఎత్తినచో మరల రోడ్డు ఎత్తుదురు. ఒక్కొక్కరి జాగ్రత్త న్యాయమైనదే. మొత్తము కలిపినచో అది ప్రక్కవానికి నీరు తోలుకొను పోటీ. కనుక ముంపుపల్లమున మెరక చేసినవాడు, అదే మట్టమున మరియొకచోట అంతే ఘనపరిమాణమును త్రవ్వి నీటికి ఇయ్యవలెను. లేనిచో స్తంభములమీద ఇల్లు లేపి క్రింద నీటికి దారి విడువవలెను. అంతకంటె మంచి పని, ఆ పల్లమును లేఅవుటులో చేర్చకుండుట.

కట్టడముల నియమములలో కొంత రక్షణ ఉన్నది. చెరువు నిండుమట్టము లోపల కట్టరాదు. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుల అంచునుండి 30 మీటర్లు, చిన్న చెరువులనుండి 9 మీటర్లు విడువవలెను. పెద్ద వాగునకు 9 మీటర్లు. ఇది వాగు ఎక్కడ నున్నదో తెలిసినపుడు పనికివచ్చును. ఏడాదిలో పది నెలలు ఎండి, రెండు మార్లు దున్నబడి, ముళ్లకంపల నడుమ మాయమైన గెడ్డకు అంచు ఎక్కడ? పాత సర్వే పటములలో దాని నీలిగీత కనబడును. క్రొత్త లేఅవుటు పటములో అదే చోట ముప్పది అడుగుల రోడ్డు కనబడును. రెండు పటములను ఒకదానిపై ఒకటి పెట్టి చూచుట ఇంటర్మీడియట్ విద్యార్థి చేయగల పని.

కొనువారు తరచు అడుగు ప్రశ్న, "ఇక్కడ ఎప్పుడైన నీరు వచ్చినదా?" అని. "వందేండ్లకొకసారి వచ్చు వరదండీ, మనకెందుకు?" అని సమాధానము వచ్చును. నాకును ఒకసారి వచ్చినది. నేను లెక్కల మనిషిని కనుక ఆ మాటతో తృప్తిపడక ఇంటికి వచ్చి కాగితము తీసితిని. వందేండ్ల వరద యనగా వందేండ్లు ఆగి వచ్చునది కాదు. ప్రతి సంవత్సరమును నూటికొక వంతు అవకాశము గలది. రాకుండుటకు ఒక యేటికి 0.99 వంతు. ముప్పది యేండ్ల గృహఋణము తీరువరకు ఒక్కమారైనను రాకుండుటకు 0.99ని ముప్పది మార్లు హెచ్చవేయవలెను, 0.74 వచ్చును. అనగా ఋణము తీరులోపల ఆ వరద వచ్చు అవకాశము నూటికి 26 వంతులు. ఇరువదియైదేండ్ల వరద యైనచో నూటికి 70 దాటును. పైగా ఈ లెక్క, ఎగువ నేల మారకున్నచో సరియైనది. ఎగువన పొలములు కప్పులైనచో, మన తాతలనాటి వందేండ్ల వరద మనకు వందేండ్లు వేచియుండదు. నేను ఆ స్థలము కొనలేదు.

గత వానకాలమునకు ముందు మా కళాశాల విద్యార్థులను పన్నెండుమందిని వెంటబెట్టుకొని, పట్టణపు అంచున ఒక గెడ్డ వెంబడి నడచితిని. తాపీమేస్త్రీలు మట్టము చూచుకొను నీళ్లగొట్టము, ఒక కొలబద్ద, సుద్దముక్కలు మా పరికరములు. గెడ్డమీది కల్వర్టు అడుగునుండి మొదలుపెట్టి, పదిమీటర్లకొకసారి మట్టము గుర్తించుచు ఒక క్రొత్త లేఅవుటు ద్వారము వరకు వచ్చితిమి. అక్కడ రాళ్లు పాతి, రంగులు వేసి, కొబ్బరి మొక్కలు నాటియున్నవి. లేఅవుటు నేల కల్వర్టు పైకప్పుకంటె నలుబది సెంటీమీటర్లు ఎత్తున నున్నది. అందులో మునక లేదు, నిజమే. దాని ప్రక్కగోడను ఆనుకొని పెంకుటిండ్ల పాత పేట యున్నది. నీళ్లగొట్టమును అటు త్రిప్పగా మొదటి ఇంటి గుమ్మము లేఅవుటు నేలకంటె డెబ్బదియైదు సెంటీమీటర్లు క్రింద తేలెను.

ఆ యింటి ముసలామె మా గొట్టమును వింతగా చూచి, పని తెలిసిన పిమ్మట, మమ్ములను లోనికి పిలిచి గోడను చూపినది. మోకాటి ఎత్తున ఒక బూడిదరంగు చార యున్నది. "మా మామగారు కట్టిన ఇల్లు బాబూ. అప్పటినుంచీ గుమ్మం దాటి నీరు రాలేదు. ఆ పక్కన మట్టి తోలినాకే ఇది" అని చెప్పినది. విద్యార్థులలో ఒకడు సుద్దముక్కతో ఆ చారపై తేదీ వ్రాయబోయి, ఆమె సున్నము వేసిన గోడ యని ఆగిపోయెను. ఆమెయే, "రాయి నాయనా, మళ్లీ వచ్చినప్పుడు ఎంత పెరిగిందో తెలుస్తాది" అన్నది.